తారు మీద విస్తరి

మా నాన్న జీవితంలో ఒకే ఒక్క పోటీలో నెగ్గారు. ఆ పోటీ జరుగుతున్నట్టు ఆయనకు తెలియదు. నెగ్గారని తెలిశాక మాత్రం ఆ పూట కాఫీ కూడా ముట్టలేదు.

మేముండేది కోకాపేటలో, బాల్కనీలో నిలబడితే అవుటర్ రింగ్ రోడ్డు మీద లారీలు అగ్గిపెట్టెల్లా కనిపించే టవర్లలో ఒకదాంట్లో. మా దగ్గర అన్ని పండగలూ చేస్తారు. ఉగాదికి పేపర్ గ్లాసుల్లో పచ్చడి, ఓనంకు పూలముగ్గు, వినాయకచవితికి చెవులు చిల్లులు పడే డీజే, క్రిస్మస్‌కు దూదితో చేసిన మంచు. జూన్ రెండున రాష్ట్ర అవతరణ దినోత్సవం కూడా అంతే శ్రద్ధగా చేస్తారు. జెండా ఎగరేస్తారు, పిల్లలు డాన్సు చేస్తారు, ఆ తర్వాత బఫే ఉంటుంది. ఎవరు ఏ రాష్ట్రం నుంచి వచ్చినా బఫే దగ్గర అందరూ ఒకటే.

తగవల్లా జెండా తాడు ఎవరు లాగాలన్న దగ్గరే. ఒక ఏడాది సీరియల్స్‌లో మామగారి వేషాలు వేసే ఒకాయన చేత లాగించారు. ఆయన ఉంటున్నది కిరాయికి, సొంత ఫ్లాటు కాదు అని ఓనర్లు అలిగారు. మరుసటి ఏడాది అందరికంటే పెద్ద ఫ్లాటు కొన్నాయన్ని పిలిచారు. ఆయన వచ్చి, నిండుగా నవ్వి, అందరికీ స్వాతంత్ర్య దినోత్సవ శుభాకాంక్షలు చెప్పి వెళ్లాడు. ఆ దెబ్బతో ఈసారి మా అసోసియేషన్ సెక్రటరీ నడుం బిగించాడు. విశాఖపట్నం కుర్రాడు, గచ్చిబౌలిలో డేటాకు సంబంధించిన ఏదో పెద్ద ఉద్యోగం. మనిషి చెప్పిన మాటకంటే ఎక్సెల్ షీటు చెప్పిన మాటను ఎక్కువ నమ్మే రకం. మంచివాడే, అదే చిక్కు.

"పర్సనల్ ఒపీనియన్స్ వద్దు, ఒక క్రైటీరియా పెట్టుకుందాం" అని వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. ఆ క్రైటీరియా ఏమిటంటే, మా టవర్లలో ఉన్నవాళ్లలో హైదరాబాదులో అందరికంటే ఎక్కువ కాలంగా ఎవరుంటున్నారో వాళ్లే ఆ రోజు ముఖ్య అతిథి. ఇందులో ఎవరికీ ఏ తప్పూ కనిపించలేదు. నిజం చెప్పొద్దూ, నాకూ కనిపించలేదు. గ్రూపు నిండా బొటనవేళ్లు లేచాయి. ఎవరెప్పుడు ఈ ఊరొచ్చారో అసోసియేషన్ యాప్‌లో నింపమన్నారు. నాన్న వివరాలు అమ్మ నింపింది, అదేదో ఉచిత కంటి పరీక్ష కోసం అనుకుని.

షీటు తనంతట తానే వరస పేర్చుకుంది. అన్నింటికంటే పైన మా నాన్న పేరు.

నాన్నది భీమవరం పక్క. జూనియర్ ఇంజనీరుగా ఉద్యోగం వచ్చినప్పుడు హైదరాబాదు వచ్చి, రోడ్లు వేయించే శాఖలోనే పని చేసి, అందులోనే రిటైరయ్యారు. నేను పుట్టిందీ పెరిగిందీ కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీలో. ఎవరైనా మీదే ఊరని అడిగితే కూకట్‌పల్లి అంటాను. "అది సరే, అసలు ఊరు?" అంటారు. అసలు ఊరు ఇంకోటి ఎక్కణ్నుంచి తేను? అలా అడిగినవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది గానీ, ఏం లాభం, అమ్మ పక్కనుంచి అందుకుని "భీమవరం దగ్గరండి" అని చెప్పేస్తుంది.

రాష్ట్రం విడిపోవాలా వద్దా అని ఊరంతా ఉడుకుతున్న రోజుల్లో నాన్న గట్టి సమైక్యవాది. అంటే జెండా పట్టుకుని రోడ్డెక్కారని కాదు. రిమోట్ పట్టుకుని టీవీ ముందు కూర్చుని వార్తలు చదివే అమ్మాయితో వాదించేవారు. తెలంగాణ వచ్చిన రోజున మా ఇంట్లో టీవీ పెట్టలేదు. "మనల్ని ఇక్కణ్నుంచి పొమ్మంటారంటారా?" అని అమ్మ అడిగితే, "నేను వేయించిన రోడ్ల మీద నుంచి నన్నెవడు పొమ్మంటాడే?" అన్నారు గానీ గొంతులో ధీమా లేదు. ఎవరూ పొమ్మనలేదు. మర్నాడు కూరగాయల బండతను ఎప్పటిలాగే కరివేపాకు కొసరు వేసి వెళ్లాడు. నాన్న మాత్రం జూన్ రెండు వచ్చిందంటే తలుపేసుకుని పడుకోవడం అలవాటు చేసుకున్నారు. ఏటా ఆ రోజుకు కచ్చితంగా తలనొప్పి వచ్చేది.

అలాంటి మనిషి తెలంగాణ అవతరణ దినోత్సవానికి జెండా ఎగరేయాలి, ఆపైన ప్రసంగించాలి. సెక్రటరీ స్వీట్ బాక్సుతో ఇంటికొచ్చి "కంగ్రాచ్యులేషన్స్ అంకుల్!" అన్నాడు. నాన్న గొంతులో వెలక్కాయ పడింది.

"నేనెందుకు బాబూ? వేరే ఎవరూ లేరా?"

"నేను డిసైడ్ చేయలేదు అంకుల్. డేటా చెప్పింది."

డేటాతో వాదించడం ఎలాగో నాన్నకు తెలియదు. టీవీలో అమ్మాయితో అయితే వాదించేవారు.

నిజానికి నాన్న అభిప్రాయాల వల్ల ఎవరికీ నష్టం లేదు. కోకాపేటలో ఎవరి అభిప్రాయం ఎవరికి కావాలి, అందరికీ పార్కింగ్ కావాలి. వచ్చిన చిక్కల్లా మాస్టారితో.

మాస్టారు పక్క టవర్లో కొడుకు దగ్గర ఉంటారు. జగిత్యాల వైపు సర్కారు బడుల్లో లెక్కలు చెప్పి రిటైరై, కిందటి వానాకాలంలో ఇక్కడికి వచ్చారు. ఉద్యమం రోజుల్లో ఆయన టెంట్ల కింద దీక్షల్లో కూర్చున్నారు, జీతం రాకపోయినా సమ్మె చేశారు, ఒకసారి పోలీసు వ్యాను కూడా ఎక్కి వచ్చారు. రాష్ట్రం వచ్చినప్పటి నుంచి ఏటా జూన్ రెండున వాళ్ల ఊళ్లో జెండా గద్దెకు సున్నం కొట్టించేది ఆయనే. ఈ మనిషి హైదరాబాదు వచ్చి ఏడాదైనా నిండలేదు కాబట్టి సెక్రటరీ షీటులో అట్టడుగున ఉన్నారు. ఎవరూ కావాలని చేయలేదు. లెక్కల మాస్టారిని లెక్కే వెనక్కి నెట్టింది.

నాన్నా మాస్టారూ పొద్దున్నే వాకింగ్ ట్రాక్ మీద కలుస్తారు. కలిసి నడుస్తారనడం కంటే కలిసి పోట్లాడుకుంటారనడం నిజం. పప్పులో చింతపండు మంచిదా మామిడికాయ మంచిదా అన్న దగ్గర మొదలై, ఏ దారిన పోయినా చివరికి ఉద్యమం దగ్గరికే వచ్చేవారు. అందులోనూ వంటావార్పు దగ్గరికి. ఆ రోజుల్లో తెలంగాణ అంతటా చేసిన నిరసన అది. జనం రోడ్డు మీదికి గిన్నెలూ బియ్యం తెచ్చుకుని, అక్కడే వండి, రోడ్డుకు అడ్డంగా బంతులు కూర్చుని తినేవారు. వాళ్లు తిని లేచేదాకా బళ్లు ఎక్కడివక్కడ ఆగిపోవాల్సిందే. రోడ్డును కన్నబిడ్డలా చూసుకున్న మా నాన్నకు ఇది ఎప్పటికీ మింగుడుపడని సంగతి.

"రాస్తారోకో చేసుకోండి మాస్టారూ, నేనేమన్నా కాదన్నానా? తారు రోడ్డు మీద పొయ్యి వెలిగిస్తారటండీ ఎవరన్నా? తారు కరిగి గుంట పడితే ఎవడు పూడుస్తాడు?"

"రోడ్డుకు గుంటలు పడనీకి మా పొయ్యిలే గావాల్నా సాబ్? మీ కాంట్రాక్టర్లు లేరా?"

"కాంట్రాక్టర్ల మాట వేరు. అడ్డగోలుగా నిప్పు పెట్టడం వేరు."

"మా కడుపుల నిప్పు మీకు కనవడలే గని, పొయ్యిల నిప్పు బాగ కనవడ్డది."

ట్రాక్ చుట్టూ తిరిగినంతసేపూ ఇదే. ఇద్దరూ చేతులు తిప్పుతూ, మధ్యలో ఆగుతూ, వెనకనుంచి పరుగెత్తుకొచ్చే పిల్లలకు అడ్డం పడుతూ. చివర్లో క్లబ్‌హౌస్ మెట్ల మీద కూర్చుని నాన్న ఫ్లాస్కులో తెచ్చిన చక్కెర లేని టీ ఇద్దరూ తాగేవారు. కూకట్‌పల్లి వదిలి ఈ టవర్లోకి వచ్చాక నాన్నకు మాట్లాడే మనిషి లేకుండా పోయాడు. బాల్కనీలో కుర్చీ వేసుకుని ఎదురుగా లేస్తున్న భవనాల క్రేన్లను చూస్తూ ఉండేవారు. ఆ మనిషి చేత మళ్లీ కేకలు పెట్టించింది మాస్టారే. అందుకే నాకు మాస్టారంటే ప్రాణం. ఆయన గొంతు కింద వినిపిస్తే చాలు, ఆ రోజు నాన్న సంగతి చూసుకునే పని నాకు లేనట్టే.

గ్రూపులో నాన్న పేరు వచ్చిన మర్నాడు మాస్టారు నడకకు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. నాన్న ఫ్లాస్కు మూత తీయకుండానే ఇంటికి తెచ్చి సింకు పక్కన పెట్టారు. అమ్మ నా వైపు చూసింది, నేను అమ్మ వైపు చూశాను.

సంగతి లిఫ్టులో తెలిసింది, మా దగ్గర అన్ని సంగతులూ తెలిసేది అక్కడే. మా టవర్లో ఎవరింటికో వచ్చి వెళ్తున్న మాస్టారి కోడలు కనిపించింది. "మామయ్యకు ఒంట్లో బాగుందా?" అన్నాను.

"ఒంట్ల మంచిగనే ఉన్నడక్కా, మనసులనే మంచిగ లేడు" అంది. "జూన్ రెండుకని తెల్ల అంగీ కొత్తగ కుట్టిపిచ్చుకున్నడు. ఇస్త్రీ జేపిచ్చి అల్మారాకు తగిలేసిండు. ఈడ జెండా తననే ఎగరేయమంటరనుకున్నడు. ఇప్పుడేమో ఆ అంగీ దిక్కు కూడ సూస్తలేడు."

ఇంటికొచ్చి నాన్నకు చెప్పాను. వింటూనే లేచి చెప్పులేసుకున్నారు. "పద" అన్నారు నాతో. ఒక్కరే వెళ్లడానికి భయం, ఆ మాట అనరు.

మాస్టారు తలుపు తీసి "రాండ్రి సాబ్, రా బిడ్డా" అని మర్యాదగానే పిలిచారు. ఆ మర్యాదకే నాకు గుండె జారింది. రోజూ అయితే నాన్నను చూడగానే "ఏంది సాబ్, ఇంక బతికే ఉన్నరా" అంటారు.

"మాస్టారూ, ఈ జెండా మీరు ఎగరేయాలండి. సెక్రటరీతో నేను మాట్లాడతాను" అన్నారు నాన్న, కూర్చోకుండానే.

మాస్టారు కోడలు తెచ్చిన ట్రే అందుకుని బల్ల మీద పెట్టారు. టీ కప్పులు మా వైపు జరిపారు.

"సాబ్, మాకు అడుగుడు తెల్సు. ఇయ్యకుంటే కొట్లాడుడు తెల్సు. ఎవరన్న జాలి వడి ఇస్తే తీస్కునుడే తెల్వదు. మీ పేరొచ్చింది, మీరే ఎగరేయండ్రి. నాకేం ఫికర్ లేదు."

"జాలి కాదండీ..."

"మరేంది?"

నాన్న కప్పు అందుకుని, తాగకుండానే మళ్లీ బల్ల మీద పెట్టారు. ఏదో చెప్పాలనుకుని చెప్పలేకపోయారని నాకు అర్థమైంది, ఏమిటో మాత్రం అర్థం కాలేదు.

"మీరు వస్తారు కదా?" అని చివరికి అడిగారు.

"సూద్దాం" అన్నారు మాస్టారు. టీచర్ల నోట ఆ మాటకు అర్థం ఏమిటో చదువుకున్న ప్రతివాళ్లకూ తెలుసు.

ఇక మిగిలింది ప్రసంగం. నేను ఆఫీసు పని మధ్యలో లాప్‌టాప్‌లో ఒక ప్రోగ్రాంను అడిగితే క్షణంలో రాసిచ్చింది. ముత్యాలు, చెరువులు, బిర్యానీ, గోల్కొండ, ప్రగతి పథం, అన్నీ ఉన్నాయి. ప్రింటు తీసిస్తే నాన్న కళ్లజోడు పెట్టుకుని చదివి, "టెండరు నోటీసు ఇంతకంటే నయంగా ఉంటుంది" అన్నారు.

"మరి మీరేం చెబుతారు?"

"అబద్ధం చెబితే మాస్టారి ముఖం చూడలేను. నిజం చెబితే మీ అసోసియేషన్ వాళ్లు బఫే దాకా ఉండనివ్వరు."

"తలనొప్పని పడుకోండి, ఏటా వచ్చేదేగా" అంది అమ్మ. సాయం చేస్తోందో దెప్పుతోందో చెప్పడం అమ్మ విషయంలో కష్టం. నాన్న నవ్వలేదు. ఆ కాగితమే మడిచి జేబులో పెట్టుకున్నారు.

జూన్ రెండు పొద్దున్న క్లబ్‌హౌస్ ముందు షామియానా వేశారు. ముందురోజు వాన చినుకులు పడటంతో ఎండ కాస్త దయగానే ఉంది. స్తంభం పక్కన నాన్న ఫొటోతో ఫ్లెక్సీ కట్టారు. యాప్‌లో ఉన్న పాస్‌పోర్టు ఫొటోను మనిషంత చేసి అచ్చు వేయించడంతో, తప్పిపోయిన వ్యక్తి కోసం పెట్టిన ప్రకటనలా ఉంది. అమ్మ పోచంపల్లి చీర కట్టుకుని ముందు వరసలో కూర్చుంది. తన పక్క కుర్చీలో హ్యాండ్‌బ్యాగు పెట్టి ఎవర్నీ కూర్చోనివ్వలేదు. ఎవరి కోసం అని నేను అడగలేదు. స్తంభం దగ్గర నిలబడ్డ నాన్న మాటిమాటికీ ఆ కుర్చీ వైపే చూస్తున్నారు.

కుర్చీ ఖాళీగానే ఉంది. వేళైందని సెక్రటరీ సైగ చేశాడు. నాన్న తాడు లాగారు. జెండా విప్పుకుంది, బంతిపూల రేకులు నాన్న బట్టతల మీద పడ్డాయి. రాష్ట్ర గీతం పెట్టారు, అందరూ నిలబడ్డారు. పిల్లల డాన్సుకు ముందు మైకు నాన్న చేతికిచ్చారు.

నాన్న జేబులోంచి కాగితం తీశారు. విప్పారు. మళ్లీ మడిచి జేబులో పెట్టేశారు. 

"అందరికీ నమస్కారమండి. ఈ రాష్ట్రం రావాలని నేను కోరుకోలేదండి."

బఫే దగ్గర మూతలు తీసి చూస్తున్నవాళ్ల చేతులు కూడా ఆగిపోయాయి. సెక్రటరీ ముఖం చూడాలి, డేటా అంతా ఒక్కసారిగా ఎగిరిపోయినట్టు. అమ్మ కళ్లు మూసుకుంది.

"ఎక్కువ కాలం ఉన్నానని నన్ను పిలిచారు. ఉండటం ఏం గొప్పండీ, ట్రాన్స్‌ఫర్ కాకపోతే ఎవరైనా ఉంటారు. ఈ రాష్ట్రం కోసం పాటుపడిన ఆయన మనలోనే ఉన్నారు. జెండా ఆయన్నే ఎగరేయమని అడిగాను. జాలిపడి ఇస్తే తీసుకోనన్నారు. నాది జాలి కాదండి. ఏమిటో ఆ రోజు చెప్పలేకపోయాను. ఇప్పుడు చెబుతాను. మా ఆవిడకు కూడా ఎప్పుడూ చెప్పలేదు."

అమ్మ కళ్లు తెరిచింది.

సరిగ్గా అప్పుడే నేను వెనక్కి చూశాను. షామియానా చివర, సెక్యూరిటీ గది గోడకు ఆనుకుని మాస్టారు నిలబడి ఉన్నారు. ఒంటి మీద తెల్ల చొక్కా, ఇస్త్రీ మడత నలగలేదు. చేతులు కట్టుకుని, వెళ్లిపోదామా ఉందామా అన్నట్టు ఒక కాలు గేటు వైపు పెట్టి ఉన్నారు. నాన్నకు అంత దూరం కళ్లు ఆనవు.

"రిటైరయ్యాక కొన్నాళ్లు రోడ్డు పనులకు సలహాలిచ్చేవాణ్ని. ఆ పని మీదే ఒకరోజు జహీరాబాద్ వెళ్లి బస్సులో వస్తున్నాను. సదాశివపేట దగ్గర బస్సు ఆగిపోయింది. చూస్తే వంటావార్పు. రోడ్డుకు అడ్డంగా బంతులు కూర్చుని తింటున్నారు. నాకు షుగరు. మాత్ర వేసుకున్నాను, ఇంటికెళ్లి తిందాంలే అని ఏమీ తినలేదు. మధ్యాహ్నం దాటింది. చేతులు వణకడం మొదలైంది. చొక్కా తడిసిపోయింది. కిటికీ కిందే అంతమంది అన్నం తింటుంటే నేను ముఖం అటు తిప్పుకుని కూర్చున్నాను. వాళ్లు చేస్తున్నది నాకు ఇష్టం లేని పని కదండీ, వాళ్ల అన్నం ఎలా అడుగుతాను?"

అక్కడ ఆగి నీళ్లు తాగారు. మైకులో గుటక వినిపించింది.

"ఒకావిడ గరిటె పట్టుకుని కిటికీ దగ్గరికి వచ్చింది. 'ఏం సారూ, గట్ల వణుకుతున్నవ్? దిగు, బువ్వ తిను' అంది. 'వద్దండి, పర్లేదండి' అన్నాను. నేను ఎటువైపు మనిషినో ఆ ఒక్క మాటతో ఆవిడకు తెలిసిపోయే ఉంటుంది. ఇక వెళ్లిపోతుందనుకున్నాను. ఆవిడేమందో తెలుసాండీ? 'అండి గిండి తర్వాత సూద్దాం, ముందు దిగు' అంది."

వెనక వరసల్లో ఎవరో ఫక్కున నవ్వారు. నవ్వు ముందుకు పాకింది.

"దిగాను. తారు మీద విస్తరేసి కూర్చోబెట్టింది. తిన్నాను. మారు కూడా అడిగి వేయించుకున్నాను. లేచేటప్పటికి చేతులు వణకడం లేదు. ఆవిడ పేరు అడగలేదు. నా పేరు ఆవిడా అడగలేదు. ఇంకో సంగతి కూడా చెప్పేస్తాను. పొయ్యిలు రోడ్డు పక్కన మట్టి మీద పెట్టారండి. తారుకు చిన్న మచ్చ కూడా పడలేదు. బస్సు దిగగానే నేను చూసింది అదే."

"అరటిపళ్లు తిన్నానన్నారుగా ఆ రోజు!" అంది అమ్మ, సభలో ఉన్నానని మరిచిపోయి. ముందు వరసలందరికీ వినిపించింది.

వెనకనుంచి ఇంకా పెద్ద గొంతు లేచింది. బడిలో ఆఖరి బెంచీ దాకా వినిపించిన గొంతు.

"పొయ్యిలు మట్టి మీద వెట్టిన్రని తెల్సి కూడ నన్ను రోజు ఎందుకు తిట్టిన్రు సాబ్?"

నాన్న చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని వెనక్కి చూశారు. తెల్ల చొక్కా కనిపించినట్టుంది. 

"ఆ సంగతి ఒప్పేసుకుంటే, మర్నాడు మనం ఏం పోట్లాడుకుంటాం మాస్టారూ?"

నాకు ఏడుపొచ్చింది. దాచుకోవడానికి ఫోను తీసి వీడియో తీస్తున్నట్టు నటించాను.

మాస్టారు కుర్చీల మధ్యనుంచి నడుచుకుంటూ ముందుకు వచ్చారు. నవ్వడం లేదు. హోంవర్కు దిద్దడానికి వస్తున్నట్టే ఉంది నడక.

"ఏం కూర వెట్టిన్రు?"

"వంకాయ కూర, పచ్చిపులుసు."

"నిలవడి తిన్నరా, కూసొని తిన్నరా?"

"కూర్చునే. చెప్పాగా, విస్తరేశారని."

"రోడ్డు పక్కనా, నడిమిట్లనా?"

"నడి మధ్యలో. బస్సు ముందే. డ్రైవరు కూడా దిగి నా పక్కనే కూర్చున్నాడు."

మాస్టారు జనం వైపు తిరిగారు. ఆయనకు మైకు అక్కర్లేదు.

"ఇనుండ్రి అందరు. వంటావార్పుల వండుడు పెద్ద ముచ్చట గాదు, వంట ఎవరైన జేస్తరు. రోడ్డు మీద కూసొని తినుడే అసలు ఉద్యమం. కూసున్నోడే బండ్లు ఆపినోడు. ఇంజినీర్ సాబ్ కూసున్నడు, మారు వెట్టిచ్చుకొని మరీ కూసున్నడు. అంటే ఏమైనట్టు? సదాశివపేట కాడ ఈయన కూడ రోడ్డు బందు వెట్టినట్టే! ఉద్యమకారుడే మనకు జెండా ఎగరేసిండు. ఇగ లెక్క సరిపోయింది."

జనం ఈలలు వేశారు. సెక్రటరీ అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు, చివరికి తన షీటే నెగ్గిందని. నాన్న మాత్రం నోరెళ్లబెట్టి నిలబడిపోయారు.

"నేనా? ఉద్యమంలోనా?"

"మీరే సాబ్. తెల్వక జేసిన్రు గని, జేసిన్రు."

తర్వాత పిల్లల డాన్సు అయింది, బఫే మొదలైంది. జనం ప్లేట్లు పట్టుకుని ఏసీ హాల్లో గుండ్రటి బల్లల వైపు వెళ్తున్నారు. మాస్టారు ప్లేటులో అన్నం, పప్పు పెట్టించుకుని అటు వెళ్లలేదు. క్లబ్‌హౌస్ ముందునుంచి గేటు దాకా మాకో తారు దారి ఉంది. దాని మధ్యకు వెళ్లి, కొత్త చొక్కా సంగతి చూసుకోకుండా, బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు.

"రాండ్రి సాబ్" అన్నారు.

"ఇక్కడా? ఇక్కడ కూర్చుంటే కార్లు ఎలా వెళ్తాయండీ?"

"పోవద్దనే గదా కూసునేది."

నాన్న మోకాళ్లు మాట వినవు. నా భుజం పట్టుకుని, అమ్మ చెయ్యి పట్టుకుని, మూలుగుతూ దిగి కూర్చున్నారు. మాస్టారి కోడలు వచ్చి కూర్చుంది. నేనూ కూర్చున్నాను. తారు వెచ్చగా ఉంది. అమ్మ పోచంపల్లి చీర వంకా దారి వంకా చూసుకుని, "సరే, ఉతుక్కుంటాలే" అని చతికిలబడింది. డాన్సు బట్టల్లో ఉన్న పిల్లలు కొందరు సరదాగా వరస కట్టారు.

బేస్‌మెంట్ లోంచి పెద్ద కారొకటి పైకి వచ్చి మా ముందు ఆగింది. హారన్ కొట్టాడు. మా నాన్న హారన్ వినగానే పక్కకు తప్పుకునే మనిషి. బళ్లు ఆగకుండా పోవడానికే రోడ్డు అని ఉద్యోగమంతా నమ్మినవారు. అలవాటుగా ఆయన చెయ్యి లేవడానికి నేలమీద ఆనింది కూడా. కారు మళ్లీ హారన్ కొట్టింది. సెక్రటరీ హాల్లోంచి పరుగెత్తుకొచ్చాడు.

"అంకుల్, ప్లీజ్, కారు వెళ్లాలి."

నాన్న మాస్టారి వంక చూశారు. మాస్టారు తల వంచుకుని పప్పన్నం కలుపుకుంటున్నారు. నాన్న నేల మీది చెయ్యి తీసి మళ్లీ ప్లేటులో పెట్టారు. కారు కిటికీ అద్దం దిగింది. లోపల ఎవరో కుర్రాడు, చెవిలో ఇయర్‌ఫోను, ముఖం నిండా చిరాకు.

"ఎందుకు బాబూ కంగారు?" అన్నారు నాన్న. "ముందు దిగండి. బువ్వ తినండి."

అని మాస్టారి వైపు కాస్త జరిగి, తన పక్కన తారు మీద చోటు చూపించారు.